ఎలుగుబంటి గీసిన గీత

ఒక పెద్ద అడవిలో, వాగు కాస్త సిగ్గుపడి పక్కకు ఒత్తిగిలే మలుపు దగ్గర, జంతువులన్నీ కలిసి ఒక ఆఫీసు పెట్టుకున్నాయి. దాని పేరు నెలవుల రక్షణ సంఘం. ఎవరి గూడు, ఎవరి బొరియ, ఎవరి పొద ఎక్కడుందో పటం గీసి, వాటి జోలికి ఎవరూ పోకుండా చూడటం దాని పని.

ఛైర్మన్ ఎలుగుబంటి. సెక్రటరీ కొండముచ్చు. ఎండలో తిరిగి పటం గీసేది మాత్రం పులకయ్య అనే కుర్ర ముంగిస. సంతోషమొచ్చినా భయమేసినా వాడి ఒళ్ళంతా బొచ్చు నిక్కబొడుచుకునేది. అందుకే ఆ పేరు.

పులకయ్యకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. పొద్దున్నే మంచు పట్టిన గడ్డిలో తోకతో నేల కొలుచుకుంటూ పోయేవాడు. మధ్యలో సాలెగూడు మీద నీటిబొట్లు మెరిస్తే కొలత మరిచిపోయి చూస్తూ నిలబడేవాడు. మళ్ళీ మొదటి నుంచి కొలిచేవాడు. అదంతా మోదుగాకులు కుట్టిన విస్తరి మీద తుమ్మముల్లుతో గీసేవాడు. ఆ గీత ఎంత సన్నమంటే, చీమ దాని మీద నిలబడితే కాళ్ళు రెండు పక్కలా బయటే ఉండేవి.

చేరిననాడే వాడి చేత ఒక ఒట్టు వేయించారు. పటంలో పెట్టినదాన్ని పంటి కింద పెట్టకూడదు! ముంగిసకి అది చిన్న ఒట్టేం కాదు.

వాగు ఒడ్డున గులకరాళ్ళ దిబ్బ మీద తీతమ్మ అనే తీతువు పిట్ట కాపురం. రాళ్ళ మధ్యనే నాలుగు మచ్చల గుడ్లు పెట్టింది. రాయేదో గుడ్డేదో ఆ దేవుడికే తెలియాలి. మొదటిసారి ముంగిసను చూసి అడవి అదిరేలా అరిచింది.

"అరవకు చెల్లెమ్మా, నేను పటం వాణ్ణి," అన్నాడు పులకయ్య, నోట్లో ఊరిన నీళ్ళు మింగుతూ. "ఈ దిబ్బను హద్దు లోపలికి తెస్తున్నా. ఇక ఇక్కడ ఎవరూ తవ్వకూడదు, ఎవర్నీ చంపకూడదు."

"మరి నువ్వో?"

"నేను కొలిచేశాగా. కొలిచాక తినకూడదు."

నమ్మకం కుదరడానికి చాలా రోజులే పట్టింది. కుదిరాక మాత్రం, "పులకన్నా, కాసేపు గుడ్లు చూస్తుండు, నాలుగు పురుగులు ఏరుకొస్తా" అనేదాకా వచ్చింది. ఆ మాట విన్నరోజు వాడి బొచ్చు సాయంత్రం దాకా దిగలేదు. గుడ్లకు ముంగిసను కాపలా పెట్టిన పిట్ట లోకంలో ఇంకెక్కడుంది!

పటం తయారైంది. కానీ ఆ ఆఫీసుకో ఆచారం ఉంది. ముల్లు గీత చెల్లదు. ఛైర్మన్‌గారు స్వయంగా దాని మీద దిద్దితేనే అది హద్దు. సిరా కూడా వేరే. బొగ్గుపొడిని తేనెలో కలిపి చేసింది. ఆయనకి అలాగే ఇష్టం.

ఛైర్మన్‌గారు వేలు ముంచి నాకారు. ఇంకోసారి ముంచి నాకారు. సిరా బాగా కుదిరిందన్నారు. ఆ సంతోషంలో పంజా మొత్తం ముంచి, పటం చుట్టూ ఒక్క దిద్దు దిద్దారు.

పులకయ్య తొంగి చూశాడు. గులకరాళ్ళ దిబ్బ కనపడలేదు. దిబ్బంతా గీత కింద పడిపోయింది.

"అయ్యా, గీత లావైంది. ఇప్పుడు దిబ్బ లోపలా, బయటా?"

"గీత ఎవరు గీశారు?" అన్నాడు కొండముచ్చు.

"అయ్యగారు."

"అయ్యగారి గీత లావవడమేమిట్రా? అడవే సన్నబడి ఉంటుంది. అది దిద్దావంటే అయ్యగారినే దిద్దినట్టు. పోరా, పో."

ఆ మాటలు అడవిపంది కోరయ్య చెవిన పడ్డాయి. దిబ్బ కింద తడి ఇసుకలో తుంగగడ్డలు బాగా ఊరి ఉన్నాయని వాడికి ఎప్పటి నుంచో కన్ను. హద్దు లోపల తవ్వకూడదు. బయట తవ్వాలంటే అర్జీ పెట్టుకుని, అనుమతి వచ్చేదాకా ఆకలి ఆపుకోవాలి. పెద్దపులి అంతటిది కూడా బయట వేటాడాలంటే అర్జీ పెట్టాల్సిందే.

"సెక్రటరీగారూ, దిబ్బ లోపలా కాదు, బయటా కాదు. మరి గీత మీద ఏ చట్టం?" అన్నాడు కోరయ్య.

కొండముచ్చు తల గోక్కున్నాడు. "గీత మీద ఏ చట్టమూ రాయలేదే."

"రాయలేదంటే లేదనేగా? ఆ ముక్క అడవంతా చాటించండి. గడ్డల్లో లావుపాటివి తమరికే."

"లావంటే ఎంత లావు?"

"అయ్యగారి గీతంత."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. గీత మీద ఏ చట్టమూ ఉండదు. ఎల్లుండి ఛైర్మన్‌గారు గీత మీద నిలబడి దాన్ని ప్రారంభిస్తారు. ప్రసంగం కాగానే కోరయ్య బృందం తవ్వకం మొదలుపెడుతుంది. ఈ సంగతి ప్రతి గడపకూ చెప్పాలి. చెప్పే పని పులకయ్యది.

ముందు తీతమ్మకే చెప్పాల్సొచ్చింది. ఆమె గుడ్ల మీద నుంచి లేవకుండానే విన్నది.

"ఇంకో నాలుగు రోజులైతే పిల్లలే పరిగెత్తేవి. గుడ్లకు కాళ్ళు లేవు కదా," అంది. వాడి వైపు ఓరగా చూసింది. "అయితే గీత మీద తమరి ఒట్టు కూడా లేనట్టేగా, ముంగిసగారూ?"

పులకన్న పోయి ముంగిసగారు వచ్చాడు. వాడి గుండెలో ముల్లు విరిగినట్టయింది. నిజం చెప్పొద్దూ, సరిగ్గా ఆ క్షణానే వాడి నాలుక మూతిని ఒకసారి తడుముకుంది కూడా. సిగ్గుతో చచ్చిపోయి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

పరిగెత్తి పరిగెత్తి ఒక గుహ ముందు ఆగాడు. పెద్దపులి గుహ. 'ప్రతి గడపకూ' అనే మాట ప్రతి ఉత్తర్వులోనూ ఉంటుంది. అయినా ఇంతవరకూ ఏ చాటింపూ ఆ గడప దాకా వెళ్ళలేదు. 'పులిగారు ఇంట్లో లేరు' అని చెప్పి వెనక్కి వచ్చేసేవాళ్ళు.

పులకయ్య కళ్ళు మూసుకుని ఉత్తర్వంతా గట్టిగా చాటాడు.

"ఎవడ్రా, బొచ్చు లేపుకుని నిలబడ్డావ్? నన్ను బెదిరించడానికా?" అంది పులి.

"కాదు దొరా, భయమేసి."

"ఏ చట్టమూ లేదంటే, నా అర్జీ చట్టం కూడా లేనట్టేనా?"

"రాసినంతవరకూ ఏదీ లేదు దొరా."

పులి తీరిగ్గా ఆవలించింది. "పోయిన వానాకాలం పెట్టిన అర్జీ ఇంకా కొండముచ్చు చంకలోనే ఉంది. సరే, ప్రారంభానికి ఎవరెవరొస్తున్నారు?"

"అందరూ దొరా."

"అయితే నేనూ వస్తా. ఇంటికొచ్చి పిలిచాక పోకపోతే ఏం బాగుంటుంది."

"ఒక్క మనవి దొరా. అక్కడ నాలుగు రాళ్ళు రాళ్ళు కావు. చూసి అడుగెయ్యండి."

ఆరోజు రానే వచ్చింది. ఛైర్మన్‌గారు దిబ్బ నడిమధ్య నిలబడ్డారు. కోరయ్య బంధువర్గం ముట్టెలు సాన పట్టుకుంటూ వెనకాల నిలబడింది.

"ఈ గీతను చూస్తే నాకే ముచ్చటేస్తోంది," అని ఛైర్మన్‌గారు మొదలుపెట్టారో లేదో, రెల్లుగడ్డి లోంచి పులి వచ్చి ఎదురుగా కూర్చుంది.

తీతమ్మ ఆకాశం పగిలేలా అరిచింది.

"అరవకమ్మా," అంది పులి. "భోజనం ముందు తీతువు అరుపు మంచి శకునం కాదు. నీ గుడ్లు నా పంటి సందుకి కూడా చాలవులే."

"చట్టం! చట్టం!" అని కోరయ్య కీచుమన్నాడు.

"అదే లేదన్నావటగా?"

పందులు తలో దిక్కూ గెంతాయి. కోరయ్య హద్దు బయటికి గెంతాడు. కొండముచ్చు మద్దిచెట్టు చిటారుకొమ్మన తేలాడు. మిగిలింది ఛైర్మన్‌గారే. ఆయన ఎటు గెంతినా గీతే. అంత లావుగా గీసుకున్నారు మరి!

"ఒరే పులకయ్యా! గీత సన్నం చెయ్యరా!"

"తమరి గీత దిద్దితే తమర్నే దిద్దినట్టన్నారండీ సెక్రటరీగారు."

"నేననలేదు!" అని వినపడింది చెట్టు మీద నుంచి.

"దిద్దరా నాయనా, దిద్దు!"

"నేనెలా దిద్దుతానండీ? తేనె తమరిది," అంటూ పులకయ్య విస్తరి తెచ్చి మూతి ముందు పెట్టాడు.

ఛైర్మన్‌గారు అలా నాకిన నాకుడు జన్మలో నాకి ఉండరు. తేనె పోయింది, బొగ్గు పోయింది. అడుగున పులకయ్య ముల్లు గీత మాత్రం అలాగే ఉంది. దిబ్బ హద్దు లోపలికొచ్చేసింది.

"లోపలైతే వేట లేదన్నమాట," అని పులి నిట్టూర్చింది. "మరి బయటికి నా అర్జీ?"

"ఇచ్చేశా! అనుమతి ఇచ్చేశా!" అన్నాడు చిటారుకొమ్మ కొండముచ్చు.

పులి లేచి, నాలుగు రాళ్ళ చుట్టూ జాగ్రత్తగా అడుగులేసి, కోరయ్య ఎటు గెంతాడో చూసుకుని అటే నడిచింది.

మరో రెండు రోజులకి గుడ్లు పగిలి, దూదిపింజల్లాంటి పిల్లలు దిబ్బంతా ఉరుకులు పెట్టాయి. తీతమ్మ రెక్కలు దులుపుకుని, "పులకన్నా, వీళ్ళని కాస్త చూస్తుండు" అని పురుగులకి ఎగిరిపోయింది. వాడి బొచ్చు మళ్ళీ సాయంత్రం దాకా దిగలేదు.

ఆఫీసు కూడా గుణపాఠం నేర్చుకుంది. ఆ వారమే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఛైర్మన్‌గారు ఎప్పటిలాగే గీతలు దిద్దుతారు. కానీ ఇకమీదట ఏ గీత మీదా నిలబడరు.

నీతి: గీత సన్నబడాలంటే గీసినవాణ్ణి దాని మీద నిలబెట్టాలి; ఈ సంగతి అందరికంటే ముందు తెలిసేది గీసినవాడికే.