‘స్వహస్తం’ ఎవరు రాశారు?

‘స్వహస్తం’ అనే సాఫ్ట్‌వేర్‌ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మన శాఖే సొంతంగా రాసిందని మంత్రిగారు సభలో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. వేదిక మీద చివరి కుర్చీలో ఉన్న డైరెక్టర్ గారు కూడా కొట్టారు. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది.

నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు. ఎక్స్‌టెన్షన్ ఫైలు మంత్రిగారి బల్ల మీద ఉంది. అలాంటప్పుడు మంత్రిగారి మాట అబద్ధమని బుద్ధున్నవాడెవడూ అనుకోడు. అయినా ఆఫీసుకెళ్ళి సీనియర్ ప్రోగ్రామర్ని పిలిపించారు.

“ఇది మనమే రాశామా అమ్మా?”

“లేదండీ. ఎక్కడెక్కడి వాళ్ళో రాసి, ఎవరైనా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టారు. మనం రంగు మార్చాం.”

“ఊరికేనా? వాళ్ళకేం లాభం?”

“ఏం లేదండీ. మనం ఎవరికి పంచినా తమ పేర్లూ, లైసెన్సు కాగితమూ అందులో ఉంచమన్నారు. అడిగినవాళ్ళకి కోడ్ చూపించమన్నారు. అంతే.”

ఊరికే ఇచ్చినవాళ్ళు పేరు కూడా కావాలనడం డైరెక్టర్ గారికి అత్యాశగా తోచింది. పేర్లు తీయించి మంత్రిగారి పేరు పెట్టించారు. కోడ్ అడిగిన ఒక లెక్చరర్‌కి అది దేశరహస్యమని జవాబు పంపారు.

కబురు పొక్కింది. మంత్రిగారి బావమరిది ఫోన్ చేసి, తనకి కంప్యూటర్ ఆన్ చేయడం రాకపోయినా రచయితగా ఉండడానికి అభ్యంతరం లేదన్నాడు. అతన్ని చేర్చేసరికి మంత్రిగారి తోడల్లుడు అలిగాడు. పార్టీ యువజన విభాగం మొత్తం ఒక్క మధ్యాహ్నంలో ప్రోగ్రామర్లైపోయింది. జాబితా పట్టకపోతే, కోడ్‌లో పనికిరానట్టు కనబడ్డ నాలుగు ముక్కలు తీయించి చోటు చేశారు.

మంత్రిగారు లైసెన్సు కూడా చదివారు.

“‘ఇది పనిచేస్తుందని రచయితలు ఏ హామీ ఇవ్వడం లేదు.’ ఏమిటయ్యా ఇది? హామీ ఇవ్వకుండా ఎవడైనా బతుకుతాడా?”

“తీసేస్తానండీ.”

“తీయడం కాదు. పూర్తి హామీ అని రాయి.”

ఆ సంగతి డైరెక్టర్ గారు ఇంట్లో చెబితే భార్య కూర వడ్డిస్తూ వింది.

“మొన్న మీ చెల్లెలింట్లో వంటంతా నేను చేశాను. వడ్డించింది ఆవిడ. మెచ్చుకోళ్ళు ఎవరికి పోయాయి?”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“ఏం లేదు. తినండి.”

స్వహస్తం ఆసుపత్రుల్లో టోకెన్లివ్వడం మొదలుపెట్టిన రోజున వచ్చిన ప్రతి రోగికీ ఒకటో నంబరే వచ్చింది. ఇంతటి సమానత్వం ఇదివరకు ఏ ప్రభుత్వమూ సాధించలేదు. తోపులాటలో డాక్టరు గది తలుపు ఊడింది. జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఎత్తుకుని ఒకావిడ పొద్దుగూకేదాకా నిలబడి, డాక్టర్ని చూడకుండానే వెళ్ళిపోయింది. పేపర్లో ఆ ఫొటో చూసి డైరెక్టర్ గారికి సిగ్గేసింది. తర్వాత ఎక్స్‌టెన్షన్ గుర్తొచ్చి భయమేసింది. భయంలో సిగ్గు తగ్గింది.

“రాసినవాళ్ళలో మొదటి పేరు నాదేనట?” అన్నారు మంత్రిగారు.

“తమరిదేనండీ.”

“ఇంతకీ అసలు రాసిందెవరు?”

“ఎక్కడెక్కడి వాళ్ళో అండీ.”

“పాపం, వాళ్ళ పేర్లు తీసేయడం అన్యాయం కాదూ? వెంటనే పెట్టు. ఒక్కటి కూడా వదలకు.”

“హామీ లేదన్న వాక్యమో?”

“అది అన్నిటికంటే పైన పెట్టు. లావు అక్షరాల్లో.”

బావమరిదికి ఫోన్ చేస్తే, నేనెప్పుడు రాశానని ఎదురడిగాడు.

సాయంత్రం విలేకరుల ముందు మంత్రిగారి గొంతు గద్గదమైంది. పరాయివాళ్ళ కష్టం మీద మన పేరు వేసుకోవడం తమ పార్టీ సంస్కృతి కాదన్నారు. ఆ మహానుభావుల పేర్లు తీసేసిన దొంగని పట్టుకుని తీరతామన్నారు. వెనక నిలబడ్డ డైరెక్టర్ గారు ఇంకో అడుగు వెనక్కి వేశారు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఈ వ్యవహారం లోతుపాతులు తెలిసినవారు శాఖలో మరొకరు లేనందున డైరెక్టర్ గారినే విచారణాధికారిగా వేశారు. దొంగ దొరికేదాకా ఆయన పదవీకాలం పొడిగించారు.

ఆయన అప్పటికప్పుడే ఛార్జి తీసుకుని సీనియర్ ప్రోగ్రామర్ని పిలిచారు. ఇలాంటి కేసుల్లో తొందర పనికిరాదనీ, ఏ కోణమూ వదలకూడదనీ చెప్పారు.

“ఎన్నాళ్ళు పట్టొచ్చండీ?” అందావిడ.

“నా ఒంట్లో ఓపికున్నన్నాళ్ళు,” అన్నారు డైరెక్టర్ గారు.