కరగాలి, కానీ కనపడాలి

మనిషి కనిపెట్టినవాటిలో నిప్పు, చక్రం తర్వాత చెప్పుకోదగ్గది నమూనా పరీక్ష. మొదటి రెండూ జనానికి పనికొచ్చాయి. (మూడోది ఆఫీసుకు పనికొచ్చింది.)

మా వదిన భోజనాలు వండి పంపే వంటిల్లు నడుపుతుంది. వేడి కూర పోసినా కారని, తిని పారేస్తే మట్టిలో కలిసిపోయే చెరకు పిప్పి డబ్బాల్లో కట్టిస్తుంది. ఆసుపత్రి క్యాంటీనువాళ్ళు రోజుకు రెండు వందల భోజనాలు కావాలన్నారు, డబ్బా కరుగుతుందని ధ్రువపత్రం తెస్తేనే అన్నారు. ఆ ఆర్డరు మీద ఆశతో వదిన ఇద్దరు వంటమనుషుల్ని పెట్టుకుంది, పెద్ద పొయ్యి కొంది.

"ఎంతసేపు మరిదీ, మట్టిలో వేస్తే వాళ్ళకే తెలుస్తుంది" అంది. పాపం, ఆవిడకు మట్టి సంగతి తెలుసు. ఆఫీసు సంగతి తెలీదు.

కరుగుదల ధ్రువీకరణ విభాగంలో పద్ధతంటే పద్ధతే. డబ్బాకు నంబరు, ఉప పరిశీలకుడుగారి సంతకం ఉన్న ప్లాస్టిక్ బిళ్ళ కట్టి, రిజిస్టరులో సంతకం పెట్టి తెచ్చిన పారతో వరండాలోని కుండీలో పాతారు. గడువు తొంభై రోజులు. వదిన క్యాలెండరు మీద రోజుకో గీత కొట్టింది.

తొంభయ్యోనాడు ఉప పరిశీలకుడుగారు స్వయంగా తవ్వించారు. మట్టి, రెండు వానపాములు, ప్లాస్టిక్ బిళ్ళ. బిళ్ళ మీద ఆయన సంతకం చెక్కుచెదరలేదు.

"డబ్బా ఏదమ్మా?"

"కరిగిపోయింది సార్!" వదిన ముఖం వెలిగిపోయింది.

"అది మీరంటున్నారు. పరీక్షయ్యాక నమూనా చూపించాలని ఏడో నిబంధన." (నమూనా పూర్తిగా కరగాలని ఆరో నిబంధన. రెండూ ఒకే పేజీలో, ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా మాటల్లేకుండా బతుకుతున్నాయి.)

ఫైల్లో "నమూనా గల్లంతు. బాధ్యులు: దరఖాస్తుదారు" అని రాశారు.

ఆయన మరీ రాతిగుండె మనిషేం కాదు. ఈసారి పోకుండా డబ్బాను పాలిథీన్ కవరులో పెట్టి పాతమని తనే సలహా ఇచ్చారు. మరో తొంభై రోజులకు అది కొత్తపెళ్ళికూతురిలా నిగనిగలాడుతూ బయటికొచ్చింది. "చూశారా, దొరికింది!" అని ఆయన నిజంగానే సంతోషించారు. సంతోషిస్తూనే "కరగలేదు, తిరస్కరించడమైనది" అని రాశారు.

ఈలోగా క్యాంటీను ఆర్డరు ప్లాస్టిక్ డబ్బాల్లో భోజనాలు పంపే ఎదుటి వీధి ఆయనకు పోయింది. ప్లాస్టిక్ కరుగుతుందని ఎవరూ అనరు కాబట్టి దానికి పరీక్ష లేదు. వంటమనుషులిద్దరూ ఆయన దగ్గరికే వెళ్ళారు. మా పెద్ద పొయ్యిలో పిల్లి లేవడం లేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

ఆ ప్లాస్టిక్ డబ్బాలాయన వంట క్యాంటీనువాళ్ళకు మొహం మొత్తిందని, ధ్రువపత్రం తెస్తే ఆర్డరు మళ్ళీ వదినకే ఇస్తారని మొన్న కబురొచ్చింది. వదిన నన్ను వెంటేసుకుని పరుగున ఆఫీసుకెళ్ళింది. అప్పీలు చేయాలంటే మొదటి అర్జీ కావాలన్నారు. బీరువాలు వెతికారు, బల్లల కింద వెతికారు.

"మీ అర్జీ కనపడటం లేదమ్మా" అన్నారు ఉప పరిశీలకుడుగారు. "ఆర్నెల్లు దాటింది కదా. ఇక్కడ కాగితం అంతకాలం నిలవదు."

వదిన కొంగు నడుముకు దోపుకుంది.

"ఎక్కడ పాతారో చెప్పండి సార్, నేనే తవ్వుకుంటాను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, పార కావాలంటే వేరే అర్జీ పెట్టుకోవాలన్నారు.