తోక చూడ్డానికి వెళ్లాం

సినిమాలో ఏమీ కనిపించకపోవడం, వినిపించకపోవడం ప్రేక్షకుడి పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. ఈమధ్య వరసగా మూడు సినిమాలు చూసి, కళ్లు నులుముకుని మరీ ఈ మాట అంటున్నాను.

మొదటిది ప్రేమకథ. హీరో హీరోయిన్లు మొదటినుంచి చివరిదాకా గుసగుసలే. ఒక్క ముక్క వినబడితే ఒట్టు! వాళ్ల మీద గౌరవం పెరిగింది. రెండోది ఫైటింగుల సినిమా. కెమెరా ఊగిన ఊపుకి ఎవరు ఎవర్ని తన్నారో అంతుపట్టలేదు. అహింసకు ఇంతకన్నా గొప్ప ప్రచారం ఏముంటుంది?

మూడోది రాక్షసజంతువు సినిమా. దీనికి మాత్రం ఇంటిల్లిపాదీ వెళ్లాం. కారణం, మా బావమరిది. గ్రాఫిక్స్ ఆర్టిస్టు. ఆ జంతువు తోక వాడి చేతి పనే. తోక మాత్రమే సుమండీ, తల వేరే డిపార్ట్‌మెంటు! తోక విదిలిస్తే ఒక్కో పొలుసూ ఎలా లేవాలో తెలుసుకోవడానికి గోడల మీది బల్లుల వెంటపడ్డాడు. మా అత్తగారు ఆస్పత్రిలో ఉంటే, మంచం పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో తోక ఊపుతూనే ఉన్నాడు. ఆవిడ డిశ్చార్జి అయింది గానీ తోక కాలేదు.

సరే, ఆట మొదలైంది. జంతువు వచ్చింది. అర్ధరాత్రి, హోరువానలో, పొగలో వచ్చింది! హాలంతా కటికచీకటి.

"ఏదిరా తోక?" అన్నారు అత్తగారు.

"అదిగో, అదేనమ్మా!"

"చీకటి కదరా!"

"ఆ చీకట్లోనే ఉందమ్మా."

వెనక సీట్లవాళ్లు విసుక్కున్నారు. అజ్ఞానులు! వెలుతురులో బొద్దింకను చెప్పుతో కొడతాం. చీకట్లో అదే కాలిమీద పాకితే కుర్చీ ఎక్కుతాం. కనబడనిదే భయం! అయితే అంత చీకట్లోనూ హీరోగారి మొహం మీద పట్టపగలే. ఆయనది స్వయంప్రకాశం కాబోలు.

సినిమా అయిపోయింది. "ఉండమ్మా, ఇప్పుడు నా పేరు వస్తుంది" అన్నాడు బావమరిది. అందరం కూర్చున్నాం. హీరోగారి పేరు వెళ్లింది, ఆయన జుట్టు దువ్వినవారి పేరు వెళ్లింది. అంతలో లైట్లు వెలిగాయి, తలుపులు తెరుచుకున్నాయి, తెర ఆరిపోయింది.

"లేవండి, తర్వాతి ఆటకి టైమైంది" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

"మావాడి పేరు రావాలి నాయనా!" అన్నారు అత్తగారు.

"పేర్లా? ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదండీ" అన్నాడు పాపం, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మెట్లు దిగుతూ బావమరిదిని ఓదార్చబోయాను. "పోనీలేరా, రెండో భాగం ఉందిగా!"

"అందులో జంతువుకి తోక లేదు బావా" అన్నాడు వాడు, చెప్పులకేసి చూస్తూ. "మొదటి భాగంలో ఎవరికీ కనబడలేదు కదా, ఖర్చు దండగని తీసేశారు. నన్నూ రావద్దన్నారు."

మా ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

బయట మేడంత ఎత్తున పోస్టరు. జంతువు కాలిగోరు కూడా లేదందులో. నిండా హీరోగారే! మిట్టమధ్యాహ్నం కూడా చుట్టూ లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి.

మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని, ఆ మొహాన్ని ఎగాదిగా చూసి అన్నారు:

"ఈ రాక్షసుడు మాత్రం బాగా కనబడుతున్నాడురా!"