స్థానిక జవాబులు

మా బావగారు కూర్మారావు గారు తమ ప్రజాజీవితంలోని అతి ముఖ్యమైన నిర్ణయాన్ని తువ్వాలు కట్టుకుని ప్రకటించవలసి వచ్చింది. దానికి కారణం గుమ్మడి వడియాలు.

ఆయన ఖద్దరు పంచె మీద మా అత్తగారు వరహాలమ్మ గారు వడియాలు పెట్టేశారు. అది ఇస్త్రీ చేసిన పంచె అని మా తోడికోడలు ప్రమీలారాణి. చిరిగిన పంచె వడియాలకి కాక ఎందుకని అత్తగారు. పెరట్లో ఎదురెదురుగా నిలబడ్డారు.

"సిరుగు ఎక్కడుందో సూపించండి అత్తా."

"వడియాల కింద ఉంది. ఎండనీ, సూపిస్తాను."

అంతలో బావగారు తువ్వాలుతోనే గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"డ్రైవర్ల సంక్షేమ సమితికి అధ్యక్షుణ్ణి ఎంపిక చేస్తన్నారు. ప్రజల కోరిక మేరకు నేను బరిలోకి దిగుతున్నాను."

"నీకు బండి తోలడం వచ్చేటిరా?" అన్నారు అత్తగారు.

"సంక్షేమం వచ్చును కదమ్మా."

పాఠకులకు కొంచెం వివరం చెప్పాలి. బస్తర్‌లో ఇనుప రాయి తవ్వే కొండ కింద మా ఊరు. కొండ పైకీ, ఊరి బయటికీ ఉన్నది గని కంపెనీ వేసిన ఒకే రోడ్డు. ఆ రోడ్డు మీద లారీ, బస్సు, అద్దె జీపు ఏది నడపాలన్నా ఇకపై కొత్త పర్మిట్ ఉండాలనీ, పాతవాళ్లయినా కొత్తవాళ్లయినా రాత పరీక్ష పాసైతేనే పర్మిట్ అనీ కంపెనీ నోటీసు పెట్టింది. వెంటనే బావగారి పార్టీ కూడా ఒక ఆదర్శాన్ని ప్రకటించింది. ఆ పరీక్షలో మొదటి స్థానం ఎవరిదైతే వాళ్లే సమితి అధ్యక్షుడు. ప్రతిభకే పదవి. మంత్రిగారు స్వయంగా హెలికాప్టర్‌లో వచ్చి కొండ మీది మైదానంలో దండ వేస్తారు.

బావగారికి పోటీ పైడయ్య గారు. పక్క వీధిలో ఉంటారు, ముప్ఫై ఏళ్లుగా రాయి లారీ నడుపుతున్నారు. బావగారి అనుభవం కూడా తక్కువది కాదు. ఇరవై ఏళ్లుగా, పొజ్జా నడిపే పార్టీ జీపులో ముందు సీటులో ఎడమ పక్కన కూర్చుంటున్నారు. స్టీరింగుకి అంత దగ్గరగా ఉండి ఒక్కసారైనా దాన్ని ముట్టుకోని నిగ్రహం ఎంతమంది నాయకులకు ఉంటుంది?

బి.ఎస్సీ. చదివిన కోడలిని కనుక చదివించే బాధ్యత నా మీద పడింది. కలకత్తాలో అచ్చయిన హిందీ భద్రతా పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ప్రశ్నలు అడిగేదాన్ని. ఆయన పీట మీద కూర్చుని జవాబు చెప్పేవారు.

"రైలు గేటు వేసి ఉంటే ఏం చెయ్యాలి బావగారూ?"

"నాన్న పేరు సెప్పాలి."

మా మామగారు అప్పలసూరి గారు ఈ లైను మీదే గేట్‌మన్‌గా రిటైరై పోయారు.

"ఆగాలి అని ఉందండీ పుస్తకంలో."

"పేరు సెప్పడానికి ఆగుతాం కదమ్మా. తరవాత?"

"ఘాట్ రోడ్డులో ఎక్కే బండీ దిగే బండీ ఎదురుపడితే ఎవరు ఆగాలి?"

"ఎక్కే బండిలో ఎవరున్నారు?"

"అది ప్రశ్నలో లేదండీ."

"అది తెలీకుండా ఎలా సెప్తాం? కంపెనీ క్వార్టర్లలో ఆయనది ఏ టైపు? టైపు ఫోర్ ఆఫీసరు ఎక్కుతుంటే టైపు టూ గుమస్తా దిగుతాడేటి? మర్యాద ఉండొద్దా?"

దిగే బండి ఆగాలని చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూశారు.

"పేలుడు సైరన్ మోగితే ఏం చెయ్యాలి?"

ఈసారి జవాబు బావగారి కంటే ముందు పెరట్లోంచి వచ్చింది. "వడియాలు లోపలెట్టాలి," అన్నారు అత్తగారు.

నిజమే. రోజూ మధ్యాహ్నం కొండ మీద రాయి పేల్చే ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి ఎర్ర దుమ్ము దిగుతుంది. ఆ మోత వినగానే ఊళ్లో ఆడా మగా అందరూ చేతిలో పని వదిలి వడియాలు, ఉతికిన బట్టలు లోపల పెట్టి, గిన్నెల మీద మూతలు వేస్తారు. బండి ఆపి, ఇంజన్ కట్టేసి, రెండో సైరన్ దాకా కదలకూడదని పుస్తకంలో ఉన్నట్టు నేను మూడుసార్లు చదివి వినిపించాను. బావగారు మూడుసార్లూ తల ఊపారు. ఆయన సభల్లో వినతిపత్రాలు తీసుకునేటప్పుడు కూడా సరిగ్గా అలాగే ఊపుతారు.

పరీక్ష కంపెనీ క్లబ్బు హాల్లో జరిగింది. ఎవరి భాషలో వాళ్లు రాసుకోవచ్చు. ఆ సౌకర్యం సాధించింది బావగారే, అది మరిచిపోకూడదు. సగం రాస్తుండగా కొండ మీద సైరన్ మోగిందట. బావగారు కలం పట్టుకునే లేచి కిటికీలోంచి మా ఇంటి వైపు చూశారట. "అంతరాత్మ పలికింది, పుస్తకంలో జవాబు పక్కన పెట్టీసాను," అని తరువాత మాకు చెప్పారు.

మూడో రోజు సేఫ్టీ ఆఫీసరు భూషణం గారు మా ఇంటికి వచ్చారు. వీధి గుమ్మం ఉండగా వంటింటి వైపు నుంచి వచ్చారు.

"కూర్మారావు గారూ, కొంచెం ఇబ్బందిగా ఉందండీ. అందరికంటే తక్కువ మార్కులు..."

"ఎవరికి?"

"తమకేనండీ."

బావగారు తొణకలేదు. ఆయనకి కుర్చీ వేయించి, నాచేత టీ ఇప్పించారు.

"భూషణం గారూ, సైరన్ మోగితే మీ ఇంట్లో ఏటి సేస్తారు?"

"మా ఆవిడ వడియాలు లోపల పెడుతుందండీ."

"మీరు?"

"పంచె రెండో కొస పట్టుకుంటానండీ."

"మరి మీ ఇంట్లో మీరు సేసిందే నేను రాస్తే తప్పెలాగయింది?"

"పుస్తకంలో అలా లేదండీ."

"పుస్తకం ఎక్కడిది?"

"కలకత్తాది."

"కలకత్తా వాళ్లకి మన వడియాలు తెలుసేటి?"

భూషణం గారు టీ సగంలో వదిలి, వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఆ సగం టీలోంచే ఉద్యమం పుట్టింది.

మర్నాడు కంపెనీ గేటు ముందు ధర్నా. "పరాయి జవాబులు చెల్లవు" అనే బ్యానరు కింద బావగారు రోడ్డుకి అడ్డంగా కూర్చున్న ఫోటో మీరు పేపర్లో చూసే ఉంటారు. రాయి ఇక్కడిది, దుమ్ము ఇక్కడిది, జవాబులు మాత్రం బయటివా అని ఆయన హిందీలో అడిగితే దంతెవాడ నుంచి వచ్చిన విలేకరులు కూడా తలలూపుతూ రాసుకున్నారు. లారీలు బారులు తీరాయి. లారీలు ఆగితే కంపెనీ తట్టుకోలేదు. సాయంత్రానికల్లా స్థానిక జవాబులనే సరైన జవాబులుగా ఒప్పుకుని, అందరి పేపర్లూ మళ్లీ దిద్దిస్తామని ప్రకటించింది. స్థానిక జవాబులు ఏవో తెలియక భూషణం గారు బావగారి పేపరునే పక్కన పెట్టుకుని దిద్దారు.

బావగారికి నూటికి నూరు వచ్చాయి.

ఫలితాలు గోడకి అంటించిన రోజు పైడయ్య గారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. లారీ తాళాలు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయి.

"ఒరే కూర్మా, నాను తప్పీసానటరా."

"ఏటి రాసావు మావా?"

"గేటు కాడ ఆగాలన్నాను. ఘాటీలో ఆగాలన్నాను. సైరనుకి ఆగాలన్నాను."

"అదే నీ పొరపాటు. అన్నిటికీ ఆగిపోతే ప్రాంతం ముందుకెలా ఎల్తాది?"

"మరి మావాళ్లంతా అదే రాసినార్రా. పొజ్జా కూడా. తాళాలు ఆఫీసులో ఇచ్చీమన్నారు. రేపట్నుంచి మాకు పనేటి?"

"నేనున్నాను కదా. మీ సంక్షేమానికే కదా ఇదంతా." బావగారు ఆయన భుజం తట్టారు. పైడయ్య గారు కాసేపు తాళాలు చూసుకుని, లేచి ఆఫీసు వైపు నడిచారు.

ఆ సాయంత్రం రోడ్డు మీద చప్పుడు లేక అత్తగారు టీవీ సౌండు సగానికి తగ్గించుకున్నారు.

భోజనాల దగ్గర ప్రమీలారాణి చాలా హుషారుగా ఉంది. మర్నాడే సన్మానం. కొండ మీదికి పదిహేను కిలోమీటర్ల ఘాట్.

"రేపటికి పొజ్జా జీపే కదండీ?"

బావగారు ముద్ద కలుపుతూ, "పొజ్జా తప్పాడు," అన్నారు.

"పోనీ పైడయ్య మావ లారీలో ముందు కూర్చుంటే సరి."

"మావా తప్పాడు."

"బస్సు డ్రైవరు?"

బావగారు పులుసు పోసుకున్నారు. అత్తగారు కంచంలోంచి తలెత్తారు.

"ఇంతకీ పాసయిందెవరురా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలి మింగారు. మంచినీళ్లు తాగారు. తరువాత, సభలో వాడే గొంతుతో, వంటింట్లో ఉన్న నాకు కూడా వినపడేలా ప్రకటించారు.

"అధ్యక్షుడిగా ఇది నా మొదటి నిర్ణయం. రేపు తెల్లారగానే కొండ మీదికి పాదయాత్ర."