అందరికీ ఒకే చిరునామా

ఆ ఉదయం ఉదయ్ భాస్కర్ పెట్టుకున్న పని చిన్నదే. సర్వరుకు కాపలా కాస్తూ, తీరిగ్గా కాఫీ తాగాలి. కోకాపేటలోని ఆ కంపెనీలో ఆ రోజు కొందరికి ఉద్వాసన ఉత్తరాలు వెళ్ళబోతున్నాయి. కడుపు మండినవాళ్ళెవరైనా సర్వరు మీద లక్షల అభ్యర్థనలు కుమ్మరించి పడగొడతారని మేనేజరు చలపతిరావుకు భయం.

"రేపు సర్వరు పడకూడదండీ. అది నిలబడితే మీ ఉద్యోగమూ నిలబడ్డట్టే," ముందురోజే అన్నారాయన.

భార్య ఉమాశ్రీ ఉద్యోగం మొన్ననే ఊడింది. ఇక ఇంటికి ఆధారం ఉదయ్ జీతమొక్కటే. అందుకే ఆ రాత్రే నిజాంపేటలోని తన ఇంటి నుంచి ఒక నియమం రాసిపెట్టాడు: ఒకే నెట్ చిరునామా నుంచి అభ్యర్థనలు మితిమీరితే ఆ చిరునామాకు తలుపు మూసెయ్యాలి. పరీక్షిస్తే భేషుగ్గా పనిచేసింది. ఇంట్లో ఆ సర్వరును వాడేది తనొక్కడే మరి! ఆఫీసులో వందలమంది ఉన్నా సర్వరుకు కనిపించే చిరునామా అందరికీ కలిపి ఒకటేనన్న సంగతి పాపం అతనికి తట్టలేదు.

పొద్దున అందరూ ఒక్కసారే లాగిన్ అయ్యారు. సర్వరు బెదిరిపోయి భవనం మొత్తాన్నీ వెలివేసింది. ఉద్యోగుల కార్డులు చదివేదీ ఆ సర్వరే కనుక గేట్లూ బిగుసుకున్నాయి. కంగారులో జనం రిఫ్రెష్ మీద రిఫ్రెష్ నొక్కారు. నొక్కినకొద్దీ అది మరింత మొండికేసింది.

హెచ్చార్ రేఖ పరుగెత్తుకొచ్చింది. "ఉదయ్ గారూ, ఉత్తరాలు పోవట్లేదు! ఎవరో అటాక్ చేస్తున్నారు!"

"నేనప్పుడే పోలీసులకు చెప్పానండీ," అన్నారు వెనకే వచ్చిన చలపతిరావు. "దాడి చేసేవాడు మన బిల్డింగులోనే ఉన్నాడట. వాళ్ళొచ్చేదాకా ఒక్కరూ బయటికి కదలకూడదు!"

తలుపు మూసేముందు సర్వరు పంపిన హెచ్చరిక మెయిల్లోని చిరునామా చూడగానే ఉదయ్‌కి తన తప్పు తెలిసింది. అది వాళ్ళ ఆఫీసుదే. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. ఆఫీసు నెట్‌కు తలుపు మూసుకుపోయింది కనుక బయటి నెట్ నుంచి వెళితేనే ఆ నియమం తీసెయ్యగలడు. ఉన్న దారి సెల్‌ఫోన్ ఒక్కటే. ఫోన్లన్నీ గేటు దగ్గర సెక్యూరిటీ కొమురయ్య లాకర్లో ఉంటాయి.

"ఫోనిస్తే నా నౌకరి పోతది సార్," అన్నాడు కొమురయ్య.

"ఇవ్వకపోతే నాది పోతుంది, కొమురయ్యా!"

కొమురయ్య అతని మొహం చూసి జాలిపడ్డాడు. "జర జల్ది కానియ్యి సార్," అంటూ ఫోన్ తీసిచ్చాడు.

ఈలోగా గేటు దగ్గర జనం పోగయ్యారు. పక్క సీటు అజయ్ ఉదయ్ చెయ్యి పట్టుకున్నాడు. "బాగుచెయ్యకు అన్నా. గిట్లనే ఉండనీ. ఉత్తరం రాకుంటే ఈ రోజుకైతే నౌకరీ ఉన్నట్టే గదా!"

ఉదయ్‌కి కళ్ళు చెమర్చాయి. అజయ్‌కి ఇద్దరు పసిపిల్లలు. కానీ ఉమాశ్రీ గుర్తొచ్చింది. అతని వైపు చూడకుండా నియమం చెరిపేశాడు. సర్వరు లేచింది. గేట్ల మీద పచ్చదీపాలు వెలిగాయి.

ఆగిపోయిన ఉత్తరాలు కదిలాయి. మొదటిది ఉదయ్ ఫోనుకే వచ్చింది. చలపతిరావు నిన్ననే సంతకం చేసిన ఉత్తరం: 'సర్వరు భద్రత పని పూర్తయినందున మీ సేవల అవసరం ఇక లేదు.'

అజయ్‌కి ఏ ఉత్తరమూ రాలేదు. అతను పక్కకు తప్పుకుని ఉదయ్‌కి దారిచ్చాడు.

పొద్దుట్నుంచి ఎవరికీ లొంగని గేటు, ఉదయ్ కార్డు పెట్టగానే తెరుచుకుంది.