మీడియం సైజు మనిషి

ఆ రోజు టైలరు వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. పొద్దున్నే పరుగు, ఇంటికొచ్చి కాసేపు కసరత్తు, స్నానం. పదింటికి సెక్యూరిటీ కంపెనీ గార్డులు వచ్చి కొత్త యూనిఫాం తొడుక్కుని చూసుకుంటారు, సాయంత్రం మేనేజరు వచ్చి సరుకు తీసుకుపోతాడు. ఇందులో దొంగతనం ఎక్కడైనా ఉందా? పట్టపగలు నిండు బజారులో ఒక మర్యాదస్తుడి చేతులు వెనక్కి విరిచి కట్టాల్సినంత నేరం ఉందా? అయినా కట్టారు. అదీ ఆయన మెడలోని టేపుతోనే కట్టారు!

టైలరు పనిమంతుడే, కాకపోతే ఒక పొగరుంది. మీడియం సైజుకు టేపు పట్టడు. "నా ఒళ్లే మీడియం" అంటాడు. పెద్ద ఆర్డరు వస్తే ఒక చొక్కాకు కచ్చా కుట్టు వేసి తనే తొడుక్కుంటాడు, చేతులు పైకెత్తి దించుతాడు, ఓసారి వంగి లేస్తాడు. హాయిగా అనిపించిందా, ఆ కొలతకే గుడ్డ తాను మొత్తం కత్తిరించేస్తాడు. కత్తెర పట్టిన నాటినుంచీ ఇదే పద్ధతి, ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. టేపు మెడలో వేసుకోవడం ఊరికే, దుకాణానికి కాస్త కళగా ఉంటుందని.

మిషను మీద వంగి వంగి నడుము పట్టేస్తుంటే ఆయన పరుగు మొదలుపెట్టాడు. అంతటితో ఆగితే ఈ కథే లేదు. బళ్లో వ్యాయామ టీచరుగా పనిచేసే బావమరిది ఊరుకున్నాడా?

"బావా, ఒట్టి పరుగే పెడితే పుల్లలా తయారవుతావ్. పరుగుకి తోడు ఇంట్లో బరువులు కూడా ఎత్తు. ఒళ్లు గట్టిపడుతుంది."

"జిమ్ముకెళ్లే తీరిక నాకెక్కడ ఏడిసింది?"

"జిమ్మెందుకు బావా? దుకాణంలో లేని బరువులా?"

నిజమే, ఉన్నాయి. ఇంటి ముందుగదే దుకాణం. మూలన పడున్న పాత బొగ్గుల ఇస్త్రీపెట్టెలు రెండు చేతికొకటి వచ్చాయి. గుడ్డ తాను భుజాన వేసుకుని గుంజీలు తీశాడు. ఎలాస్టిక్ చుట్టను తలుపు గొళ్లేనికి కట్టి లాగాడు. గుండీలు కుడుతూ ఇదంతా చూస్తున్న భార్యకు ఒళ్లు మండిపోయింది.

"ఆ ఇస్త్రీపెట్టెల్ని గాల్లోకి ఎత్తి దించే బదులు ఒక్కసారి బట్టల మీద ఆనించండి, పనైనా జరుగుతుంది" అంది.

కొన్నాళ్లకు ఆయన చొక్కాలు ఛాతీ దగ్గర బిగుతై, నడుము దగ్గర వేలాడసాగాయి. ఆయన నేరుగా భార్య మీద విరుచుకుపడ్డాడు.

"ఏం సబ్బేసి ఉతుకుతున్నావ్? బట్టలన్నీ నాశనమైపోతున్నాయి!"

"ఏ సబ్బుకైనా చొక్కా పైన ముడుచుకుపోయి కింద సాగుతుందాండీ? ఓసారి ఒంటికి టేపు పెట్టుకుని చూసుకోండి."

"మీడియంకి టేపా? నాకా?" అని ఆయన గయ్యిమన్నాడు. కుట్లు విప్పి తన చొక్కాలన్నీ సరిచేసుకున్నాడు, తప్పు మాత్రం సబ్బు ఖాతాలో వేశాడు.

ఈలోగా ఎదురుగా రెడీమేడ్ దుకాణం వెలిసింది. సగం బేరాలు అటే పోయాయి. ఆ దుకాణదారు ఒకరోజు రోడ్డు దాటి వచ్చి, "మాస్టరు గారూ, మా షాపులో ఓ మూల మిషను వేయిస్తాను. ప్యాంట్ల అంచులు మడుచుకుంటూ కూర్చోవచ్చు, మీకూ కాలక్షేపం" అన్నాడు. ఆ కాలక్షేపం అన్న మాటకు టైలరుకు ఆ పూట ముద్ద దిగలేదు. సరిగ్గా అప్పుడే సెక్యూరిటీ కంపెనీ ఆర్డరు వచ్చింది.

"కిందటిసారిలాగే అందరికీ మీడియం కుట్టండి" అన్నాడు మేనేజరు. "అతికినట్టుండాలి. ఏమాత్రం తేడా వచ్చినా ఈసారి ఎదురు షాపువాళ్లకే ఇచ్చేస్తాను."

ఈ ఆర్డరు నిలిస్తే దుకాణం నిలుస్తుంది, పోతే ఆ మూల మిషనే గతి. అందుకే టైలరు ప్రాణం పెట్టి కుట్టాడు. తానే తొడుక్కుని, చేతులెత్తి, వంగి లేచి మరీ చూసుకున్నాడు. గుంజీలు తీసి పెంచిన ఆ ఒంటికి చొక్కా అద్భుతంగా అమరింది.

పదింటికి గార్డులు వచ్చారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం వాళ్ల ఉద్యోగం, ఒళ్లూ దానికి తగ్గట్టే ఉంది. చొక్కాలు తొడుక్కుంటే భుజాలు ఖాళీ సంచుల్లా జారాయి, పొట్ట దగ్గర గుండీలు కాజాలకు అందలేదు. ఊపిరి బిగబట్టి ఎలాగో పెట్టుకున్నారు. హెడ్ గార్డు ఒక్క తుమ్ము తుమ్మేసరికి గుండీ ఎగిరి అద్దానికి తగిలింది.

"ఇదేం కుట్టుడండీ మాస్టరు గారూ?" అన్నాడు హెడ్ గార్డు.

"నా కుట్టుకేం వచ్చింది? మీ పొట్టలకొచ్చింది! కూర్చుని కూర్చుని బస్తాల్లా తయారయ్యారు! ఆ భుజాలేంటి, బట్టలారేసుకునే హ్యాంగరు నయం!"

లోపల్నుంచి భార్య, "ఏమండీ, ముందు మీరు..." అంటూనే ఉంది. ఎవరు వింటారు?

"మేం తిని కూర్చుంటున్నామా? రాత్రంతా మేలుకుని చచ్చేది ఎవరు?" హెడ్ గార్డు చేయి ముందుకొచ్చింది.

"మేలుకుంటారా? మీ గురక మా వీధి దాకా వినిపిస్తుంది!"

అంతే. అందరూ ఒక్కసారిగా మీదికొచ్చారు. టైలరు కిటికీలోంచి దూకి పరుగందుకున్నాడు. వాళ్లు వెంటపడ్డారు.

ఎంత కోపంలో ఉన్నా రోజూ పరుగెత్తే మనిషి పరుగే వేరు. కాళ్లు వాటంతటవే అలవాటైన దారి పట్టాయి. సందు దాటి, వంతెన దాటి, పెద్ద బజారులోకి. వెనక గార్డులు రొప్పుతుంటే ఆయనకు మరింత మండుకొచ్చింది. "అలా ఈడుస్తారేంటి కాళ్లు? మోకాళ్లెత్తండి!" అని వెనక్కి తిరిగి మరీ కసిరాడు.

రోజూ ఆయన ఆ బజారులో పరుగెత్తే వేళకు అంగళ్లు మూసి ఉంటాయి, కాబట్టి ఆయన ముఖం అక్కడ ఎవరికీ తెలియదు. ముందు ఒకడు పరిగెడుతున్నాడు, వెనక కొత్త యూనిఫాముల్లో గార్డుల దండు తరుముతోంది. చూసేవాళ్లకు ఇంకేం అర్థమవుతుంది?

"దొంగ! దొంగ! పట్టుకోండి!"

"దొంగని కాదయ్యా, టైలర్ని!" అని అరిచాడాయన. పరిగెత్తేవాడి మాట నమ్మినవాడెవడు? బస్తాలు దించుతున్న హమాలీలు ఇద్దరు అడ్డంపడి ఒడిసిపట్టారు. ఎవరో మెడలోంచి టేపు లాగి చేతులు కట్టేశారు. "టేపు కూడా ఏ కొట్లోనో కొట్టేసి ఉంటాడు" అన్నారు ఇంకెవరో.

గార్డులు వచ్చి నిలబడ్డారు. రొప్పుకి ఛాతీలు పొంగి భుజాలు నిండిపోయాయి. గుండీలు తెగితే నలుగురిలో పరువు పోతుందని పొట్టలు లోపలికి లాక్కున్నారు. నిటారుగా నిలబడ్డ ఆ వరసను చూసి బజారంతా చప్పట్లు కొట్టింది. కంపెనీ ఆఫీసు అక్కడే మేడ మీద ఉండడంతో గోల విని మేనేజరు దిగివచ్చాడు. టైలరు ఆశ వదులుకున్నాడు. ఇక ఆర్డరు పోయినట్టే, మూల మిషను ఖాయం.

"మీవాళ్లేనా సార్?" ఒక వర్తకుడు మేనేజరు చేయి పట్టుకుని ఊపేశాడు. "ఏం పర్సనాలిటీలండీ! మా వరస కొట్లన్నిటికీ వీళ్లనే పెట్టండి."

మేనేజరు ముఖం వెలిగిపోయింది. దొంగవంక చూసి ఉలిక్కిపడ్డాడు, కానీ తేరుకున్నాడు. "పైకి తీసుకురండి, విచారిద్దాం" అన్నాడు గంభీరంగా.

ఆఫీసులో కట్లు విప్పగానే టైలరు విరుచుకుపడ్డాడు. "కిందికెళ్లి చెప్పండి! నేను దొంగని కాదని ఇప్పుడే, ఈ క్షణమే చెప్పండి! ఇన్నేళ్లలో జానెడు గుడ్డ మిగిలినా తిరిగిచ్చినవాణ్ని!"

"చెబుతాను. మావాళ్లు ఓ టైలర్ని బజారంతా తరిమారని తెలుస్తుంది. కిందున్న వర్తకులు చేజారిపోతారు, నా కంపెనీ పోతుంది, మీ ఆర్డరూ పోతుంది. చెప్పమంటారా?"

"అంటే నేను దొంగనా?"

"కాదండీ. కానీ పట్టుబడ్డారు."

టైలరు పిడికిళ్లు బిగించాడు. నిజం చెప్పాలి, చెప్పి తీరాలి. కానీ కళ్లముందు ఆ మూల, ఆ మిషను, మడవాల్సిన అంచులు కనిపించాయి. నోరు మూసుకున్నాడు.

"వెనక మెట్ల మీంచి వెళ్లిపోండి" అన్నాడు మేనేజరు మెత్తగా. "ఇంకో మాట. కొత్తగా చేరేవాళ్లందరికీ ఇదే కొలత. ఈ చొక్కా వేసుకున్నవాడు చచ్చినట్టు నిటారుగా నిలబడుతున్నాడు. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

ఇంటికొచ్చి మేనేజరు అన్నవన్నీ భార్యకు చెప్పి, ఆయన ఇస్త్రీపెట్టెల్ని మంచం కిందికి తన్నాడు. "ఇక పరుగూ లేదు, కసరత్తూ లేదు! ఈ ఒళ్లు బాగుచేసుకోబట్టే నన్ను దొంగని చేశారు!"

భార్య టేపు తీసి ఆయన ఛాతీకి చుట్టింది, తర్వాత నడుముకు చుట్టింది, రెండు కొలతలూ కాగితమ్మీద రాసి ఆయన కళ్లముందు పెట్టింది. ఆయన రెండంకెలూ చదువుకున్నాడు. సబ్బు గురించి మళ్లీ ఎత్తలేదు.

"వెంట్రుకవాసి తేడా రాకూడదన్నారుగా?" అంటూ ఆమె మంచం కిందికి వంగి ఇస్త్రీపెట్టెలు బయటికి లాగింది. "కానివ్వండి మరి."

మర్నాడు తెల్లవారకముందే టైలరు పళ్లు నూరుకుంటూ పరుగుకు బయలుదేరాడు, కాకపోతే వేరే దారిన. పాత దారిలో ఇప్పుడు కాపలా చాలా గట్టిగా ఉంది.