బెల్లం పాకలో శాసనసభ

ఆ పొద్దున దేముడమ్మ చేయాల్సిన పని ఒక్కటే. చోడవరం బజారులో షావుకారు గణపతిరావు కొట్టు ముందు నిలబడి చెంపలేసుకోవాలి. రైతుల దగ్గర బెల్లం కొనేటప్పుడు ఆయన తూచే రాళ్లు దొంగరాళ్లని ఆవిడ నలుగురిలో అనేసింది. మధ్యాహ్నంలోగా తప్పు ఒప్పుకోకపోతే పరువునష్టం దావా వేస్తానని ఆయన కబురంపాడు. దావా పడితే ఉన్న కాస్త చెరుకుతోటా వకీళ్ల పాలే. అందరికీ తెలిసిన నిజాన్ని నోటితో అంటే ఈ దేశంలో అంతే.

బయల్దేరుతుంటే రైతుసంఘం సత్యారావు అడ్డుపడ్డాడు. అప్పటి రాజధాని కర్నూలు వెళ్లి, గ్యాలరీలో కూచుని శాసనసభను కళ్లారా చూసొచ్చిన మనిషి.

"చెంపలెందుకప్పా? సబలో ఎవులేటన్నా కోర్టు అడగడానికి లేదు. రాజ్యాంగంలో రాసేరు."

"మనకి సబెక్కడిది తమ్ముడా?"

"ఎట్టుకుందాం. సబంటే ఏటి? ఓ అధ్యక్షుడు, కొందరు సభ్యులు, నెత్తిన ఓ పాక."

బెల్లం వండే పాకలో సభ కూడింది. చేతులెత్తి బంగార్రాజుని అధ్యక్షుణ్ణి చేశారు. అతను తలపాగా సవరించుకుని బోర్లించిన గంపమీద కూచున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే పని కాదది.

దేముడమ్మ లేచింది. "అధ్యచ్చా, సావుకారు రాళ్లు దొంగరాళ్లు."

పిడుగేమీ పడలేదు. దాంతో మిగతావాళ్లకి ధైర్యమొచ్చింది. అప్పలనరసమ్మ లేచి, తన అత్త నెయ్యి దొంగిలిస్తోందని చెప్పింది. అత్త పక్కనే ఉంది. ఆవిడా సభ్యురాలే. ఆవిడా లేచింది. ఈలోగా పరదేశి, పొలంగట్టు రాత్రికి రాత్రి జరిపింది తానేనని పొరుగు రైతు మొహంమీదే ప్రకటించాడు.

"బయటికి రారా, నీ పని సెప్తాను!"

"రానురా. సబలో ఉన్నాను."

పెనంలో పాకం మాడిపోతోంది. కదిలితే సభామర్యాద పోతుందని ఎవరూ కదల్లేదు.

కబురు బజారుకి చేరింది. తనను తిడుతుండగా సాక్ష్యం దొరకాలని షావుకారు, వకీలు అనంతపద్మనాభాన్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

"ఎవుడ్రా నన్ను దొంగన్నది?"

"సబలో జొరబడ్డం ఓ నేరం. సబని గదమాయించడం ఇంకో నేరం," అన్నాడు బంగార్రాజు గంభీరంగా. "ఆ పెనం పక్కన నిలబడి జవాబు సెప్పండి."

వకీలు నోరు తెరిచేలోగా సత్యారావు అందుకున్నాడు. "ఇక్కడన్న మాటకి కేసు లేదు బాబూ."

షావుకారు ఆగాడు. "ఎవులన్నానా?"

"ఎవులన్నానూ."

"నేనన్నా?"

"తమరన్నా."

"అయితే ఇనండి! రాళ్ల అడుగున సీసం పోయించేను. మా అయ్య కాలం నుంచీ అంతే. ఏటి సేస్తారు?"

వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"షావుకారుగారూ, ఆ రక్షణ జనం ఓటేసి పంపిన శాసనసభ లోపలే. ఇది పాక."

దేముడమ్మ వకీలు దగ్గరికొచ్చింది. "అంటే నామీద దావా ఉన్నట్టా బాబూ?"

"వేయొచ్చమ్మా. నువ్వన్నది నిజమని ఆయనే ఊరందరి ముందూ ఒప్పుకున్నాక, వేసి నేనేం వాదించను?"

సాయంత్రానికల్లా తాసిల్దారు మనుషులు రాళ్లు పట్టుకుపోయారు. రాళ్లలో సీసం పోయించినందుకు షావుకారు ఏనాడూ బాధపడలేదు. ఆ మాట శాసనసభకు ఎన్నికయ్యాక చెప్పనందుకు మాత్రం ఇప్పటికీ బాధపడుతున్నాడు.